దారికష్టము

ఊరికి పోయి వచ్చినవానిని మనవారు మొదట నడుగు ప్రశ్న "దారి యెట్లున్నది?" అనునది. చూచిన వింతలను గూర్చిన ప్రశ్నలు తరువాత వచ్చును. బాటలు లేని కాలమునాటి యలవాటిది. రైళ్ళును బస్సులును వచ్చిన పిమ్మటను పోలేదు. అయితే ఈ ప్రశ్నకు బదులు చెప్పువాడు దారిని తన కాళ్ళతో కొలిచి చెప్పును. వినువాడు దానిని తన కాళ్ళకు సరిపఱచుకొనవలెను. చెప్పువాని కాళ్ళును వినువాని కాళ్ళును ఒకటి కావు గదా! కావుననే దారిని గూర్చి చెప్పిన మాట యొకప్పుడు చేయూత యగును, మఱియొకప్పుడు సంకెల యగును. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనుట మన యిండ్లలో నవసరమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను అనంతపురము జిల్లాలో చిరకాలము బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. మోకాళ్ళు సాగినంత కాలము కొండలెక్కవలెనని నియమము పెట్టుకొని, చలికాలపు ఆదివారములలో మా సీమలోని పాతకోటలకు నడచి పోవుచుందును. మా సీమను చూడనివారికి దీనిని గూర్చి కొంచెము చెప్పవలెను. నైరృతి ఋతుపవనముల నీటిని పడమటి కనుమలు తామే పిండుకొని మాకు పొడిగాలిని విడుచును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి మాదాక వచ్చులోపల నలసిపోవును. ఏడాది మొత్తమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మా వంతు. అదియు కొన్ని యేండ్లు సగమునకు తగ్గును. పలుచని యెఱ్ఱనేల, వేరుసెనగ చేలు, రేగుపొదలు, తుమ్మచెట్లు, నడుమ నడుమ నున్నని బండకొండలు: ఇదియే మా దృశ్యము.

ఈ కొండలలో మూడు కోటలు నడచువారికి పరీక్షలవంటివి. గుత్తికోట ఒకదానివెనుక నొకటిగా ద్వారములును, శంఖమువలె చుట్టుకొనిపోయిన గోడలును గలిగి, చుట్టునున్న మైదానముకంటె సుమారు వేయి యడుగుల యెత్తున నున్నది. 1565లో తళ్ళికోట యుద్ధమున నోడిన పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిగా జేసికొన్న పెనుగొండ రెండవది. 2022లో జిల్లా విభజింపబడినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, మా నడకకు జిల్లాల హద్దులు లేవు. కన్నడసీమ యంచున, బండలమీద జైనమూర్తులు చెక్కబడిన రాయదుర్గము మూడవది.

కడచిన పుష్యమాసములో నొక ఉదయమున గుత్తికోట మీద, మురారిరావు కూర్చుండి చదరంగ మాడెడివాడని జనులు చెప్పుకొను చిన్న కట్టడము నీడలో మేము ఆఱుగురము కలిసితిమి. గుంతకల్లులో రైలుశాఖ యందు పనిచేయు యువకు లిద్దఱు. తాడిపత్రినుండి వచ్చిన డెబ్బది యేండ్ల యవ్వ యొకతె, ఆమెతో కళాశాలలో చదువుచున్న మనుమరాలు. గొఱ్ఱెలను క్రింది చఱియలో వదలి నీడకు వచ్చిన కాపరి యొకడు. ఆఱవవాడను నేను. మాలో నెవరికి నెవరితోను ముందు పరిచయము లేదు. అయినను చెమట తుడుచుకొని మంచినీళ్ళు త్రాగినవెంటనే, ఏ కొండ కష్టమనెడి ప్రసంగము పుట్టినది. పేరు, ఊరు, కులము అడుగుటకు ముందే మనుష్యులు ఆప్తులగు చోటు లోకములో ఏదైన నున్నచో, అది కొండదారియే.

పెద్ద యువకుడు తన చేతిఫోను తీసి చూపించెను. "సార్, పెనుగొండ ముందర గుత్తి యేపాటిది? అక్కడ మాకు గంటన్నర పట్టినది, ఇక్కడ యేబది నిమిషములలో వచ్చితిమి" అనెను. రెండవవాడు ఒప్పుకొనలేదు. "గడియారముతో చూచిన నట్లే యుండును. రాయదుర్గములో మనము దారి తప్పి తిరిగిన తిరుగుడు మఱచితివా? ఎక్కుటలో కష్టము లేదు, ఏ బండ ప్రక్కగా పోవలెనో తెలియకపోవుటయే కష్టము" అని వాదించెను.

నాకు పాఠము చెప్పు నలవాటు పోలేదు గనుక, 1892లో నెయిస్మిత్ అనెడి స్కాట్లాండు దేశస్థుడు చెప్పిన లెక్కను వారికి చెప్పితిని. నడకకు మూడు మైళ్ళ కొక గంట. దానిపై, ఎక్కిన ప్రతి రెండువేల యడుగులకు మఱియొక గంట. ఈ లెక్కను బట్టి గుత్తికొండ యెత్తునకు మాత్రమే అరగంట చేర్చవలెను. యువకులు వెంటనే వ్రేళ్ళు మడచి తమ కాలమును సరిచూచుకొని సంతోషించిరి.

అవ్వ నవ్వెను. "అయ్యవారూ, మీ దొర ఎక్కేదానికి లెక్క కట్టినాడు, దిగేదానికి కట్టలేదే! ఎక్కేటప్పుడు రొమ్ము అడుగుతుంది, దిగేటప్పుడు మోకాలు అడుగుతుంది. నా వయసుకు రెండోదే పెద్దది" అనెను. ఆమె తిరుమలకు రెండు దారులను నడచినదట. అలిపిరినుండి మెట్లు 3,550. దూరము సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388. దూరము రెండు కిలోమీటర్లకు కొంచె మెక్కువ. "చిన్నదారి సులువని అందఱూ చెప్తారు నాయనా. అది నిలువుగా పోతుంది. అలిపిరి దారి పొడుగైనా, నడుమ సాపు నేల ఉంది, ఊపిరి తిప్పుకోవచ్చు. మోకాళ్ళ పర్వతం దగ్గఱ మాత్రం దేవుడే నడిపించాల" అని వివరించెను. ఒకే కొండ, ఒకే గుడి; పొడవైన దారి యొకరికి సులభము, పొట్టిదారి మఱియొకరికి సులభము. మెట్లసంఖ్య తెలిసినంతమాత్రమున దారి తెలియదని ఆమె మాటవలన మా కందఱికి బోధపడినది.

కాపరి యంతవఱకు వినుచు నూరకుండెను. వాని యభిప్రాయ మడిగితిమి. "సామీ, నీళ్ళుండే దావ తేలిక. నీళ్ళు లేని దావ కష్టం. ఎత్తు, పల్లం, మెట్లు, ఇవన్నీ నీళ్ళు తాగినోనికి" అని వాడు చెప్పి తన సీసాను పైకెత్తి చూపెను.

ఆ చోట ఆ మాట పలుకుటలో నొక విశేషమున్నది. మేము కూర్చున్న ఆ కోటను హైదరాలీ ముట్టడించినపుడు, గోడలును ద్వారములును ఏటవాలు బండలును మురారిరావును కాపాడినవి. కాపాడలేకపోయినది నీటి కొఱత. కోటలోని నీరు తఱిగిపోగా 1776లో ఆతడు లొంగిపోయెను. వేయి యడుగుల యెత్తు శత్రువును నిలిపినది గాని దప్పికను నిలుపలేదు. చరిత్రము చదువని కాపరి చెప్పిన కొలతయే ఈ సీమకు మొదటి కొలతయని నేను యువకులకు చెప్పగా, చిన్నవాడు తన లెక్కలో 'నీరు ఎచ్చట' అను నొక గడిని చేర్చుకొనెను.

ఈ మాటలన్నిటి నడుమ మనుమరాలు నోరు విప్పలేదు. చివరకు "అవ్వా, శ్రీశైలం దారి చెప్పు" అని యడిగెను. అవ్వ ముఖము వెలిగినది. ఉగాదికి ముందు కన్నడసీమ జనులు వేలకొలది శ్రీశైలమునకు నడచిపోవుట పాఠకు లెఱిగినదే. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా నెంచి, పుట్టింటివారు సారె తెచ్చునట్లు వారు చీరయు పసుపుకుంకుమలును కొనిపోవుదురు. బళ్ళారి చుట్టములతో కలిసి అవ్వ తన నలువదవ యేట ఆ దారి నడచెనట. వెంకటాపురమునుండి యడవి మొదలు. నాగలూటి, పెచ్చెఱువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము అని విడుదులను ఆమె వరుసగా చెప్పెను. కొందఱు మ్రొక్కుబడిగా కఱ్ఱకాళ్ళు కట్టుకొని ఆ దారిని నడచుట కన్నులార చూచినదట. "భీమునికొలనుకు దిగేది, మళ్ళా ఎక్కేది, అదే అసలు దారి. మిగతాదంతా నడక" అని ముగించెను. ఆ లోయలోని మెట్లు పదునాల్గవ శతాబ్దిలో కొండవీటి ప్రభువైన ప్రోలయ వేమారెడ్డి కట్టించినవని ప్రతీతి.

అప్పుడు సంగతి బయటపడినది. రాబోవు ఉగాదికి ఆ బాలిక తన కళాశాలలోని నలుగురు స్నేహితురాండ్రతోను, ఒక ఉపాధ్యాయురాలితోను ఆ దారిని నడువ సంకల్పించినదట. తండ్రియు పినతండ్రులును "ఆ దారి ఆడపిల్లలకు కష్టము" అని యొక్కమాటతో త్రోసివేసిరట. ఎంత దూరమని గాని, ఎచ్చట నిలుతురని గాని, ఎవరు తోడని గాని వారడుగలేదు. "నేను గుత్తి ఎక్కగలిగితే నమ్ముతారేమోనని అవ్వ పిలుచుకొని వచ్చింది సార్" అని ఆమె తలవంచుకొని చెప్పెను.

"నా కొడుకు చెడ్డోడు కాదు అయ్యవారూ" అని అవ్వ వెంటనే యందుకొనెను. "బిడ్డకు ముల్లు గుచ్చుకుంటే వానికి నొప్పి. కానీ నేను వానికి ఒకటి గుర్తు చేసినా. కఱవు సంవత్సరాల్లో వాడు చంకలో ఉన్నప్పుడు, తల మీద ఒక బిందె, చేతిలో ఒక బిందె పెట్టుకొని మైలున్నర నడిచి నీళ్ళు తెచ్చినా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ దారి ఆడదానికి కష్టమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఇప్పుడు ఈ పాప రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తానంటే నలుగురు కష్టమంటారు!"

ఈ మాటకు మాలో నెవరును బదులు చెప్పలేదు. కాపరి తల యూచెను.

నాకు నా తమ్ముని కుమారుడు చెప్పిన యొక వృత్తాంతము జ్ఞప్తికి వచ్చినది. వాడు ఉద్యోగార్థమై స్వీడను దేశమున నున్నాడు. అచ్చట మంచు కాలమున జనులు పొడవైన సన్నని పట్టెలను కాళ్ళకు బిగించుకొని, రెండు చేతుల రెండు కఱ్ఱలతో మంచును త్రోయుచు, అడవులలో క్రోసులకొలది జాఱుచు నడచుదురు. ఆ దారులకు రంగుల గుర్తులుండును: పచ్చనిది తేలిక, నీలము కొంచెము కష్టము, ఎఱుపు మఱి కొంత, నలుపు మిక్కిలి కఠినము. నడుమ గుడిసెలలో కలిసినవారు టీ త్రాగుచు మావలెనే వాదింతురట: ఈ యెఱుపు దారి నిజముగా ఎఱుపా? నిన్నటి మంచులో నలుపుగా నుండలేదా? మంచు మెత్తబడిన దినమున పచ్చదారియు ప్రాణము తీయునని వారిలో పెద్దలు చెప్పుదురట. మా కాపరికి నీరెట్లో వారికి మంచు తీరట్లు.

ఆ దేశమున వాసలోపెట్ అను నొక ప్రసిద్ధమైన పందెమున్నది. దూరము 90 కిలోమీటర్లు, 1922లో ఆరంభమైనది. మఱుసటి యేడు, అనగా 1923లో, మార్గిట్ నోర్దిన్ అనెడి వ్యాయామోపాధ్యాయిని దానిలో పాల్గొని, పది గంటలకు మించిన కాలములో ఆ దూరమును పూర్తిచేసినది. ఇక నేమి జరిగియుండునని మీ రనుకొందురు? ఒక స్త్రీ చేసి చూపినది గనుక స్త్రీలు చేయగలరని నిర్ణయించిరందురా? 1924 నుండి స్త్రీలకు ఆ పందెమున ప్రవేశము లేకుండ జేసిరి. అంత శ్రమ స్త్రీ శరీరమునకు తగదని నాటివారి తలంపు. మఱల వారిని నియమానుసారముగా చేర్చుకొన్నది 1981లో. దారి పొడవు మాఱలేదు, మంచు మాఱలేదు, కొండలు మాఱలేదు. ఏబదియేడేండ్లు మూసియుంచినది ఒక మాట. ప్రపంచ కప్పు పందెములలో స్త్రీలకు పురుషులతో సమానమైన దూరము లభించుటకు 2022 వఱకు వేచియుండవలసి వచ్చినది.

విద్యావంతులకును ధనవంతులకును పేరుగాంచిన దేశములోనే యిట్లు జరిగినపుడు, తాడిపత్రిలోని యొక తండ్రిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆయన భయములో నిజమును కలదు. శ్రీశైలపుటడవి పెద్దపులుల యభయారణ్యము. ఎండ కాలము. దారిలో నీరు ఎల్లచోట్ల దొరకదు. ఇట్టి భయములను లెక్కచేయకపోవుట ధైర్యము కాదు. కాని భయమును చెప్పు తీరు రెండు విధములు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిఱుతపులి వాతబడి యొక చిన్నారి బాలిక మరణించినది. అప్పుడు దేవస్థానమువా రేమి చేసిరి? పదునైదేండ్ల లోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటల తరువాత ఆ దారిని పోనీయరాదని నియమించిరి. నడచువారికి చేతికఱ్ఱ లిచ్చిరి. ఆ నియమములో ఎవరికి అపాయమో, ఏ వేళ అపాయమో, ఏమి చేసిన తగ్గునో స్పష్టముగా నున్నది. కారణము తొలగినచో నియమమును తొలగింపవచ్చును. "ఆడవారికి కష్టము" అను మాటలో వేళ లేదు, చోటు లేదు, ఉపాయము లేదు. అందుచేత దానికి అంతమును లేదు.

ఈ తారతమ్యమును ఆ బాలికకు నేను ఉపదేశరూపమున చెప్పలేదు. మేమందఱమును కలిసి యొక కాగితము మీద ఆమెకు దారిని వ్రాసి యిచ్చితిమి. విడుదుల పేర్లు అవ్వ చెప్పినది. ఏ విడుదికి ఏ విడుది ఎంతదూరమో విచారించి వ్రాయుటకు ఖాళీ విడిచితిమి. నీరెచ్చట దొరకునో వ్రాయుటకు కాపరి మాటపై నొక వరుస, దారి గుర్తులకు చిన్న యువకుని మాటపై నొక వరుస, నడక కాలమునకు పెద్దవాని మాటపై నొక వరుస గీచితిమి. దిగువ దిగుడు చోట్లను వేఱుగా గుర్తింపవలెనని అవ్వ పట్టుపట్టెను. చివర, తోడు వచ్చువారి పేర్లు, రాత్రి నిలుచు చోట్లు, అడవిశాఖవారు నడచుటకు అనుమతించు దినములు. "ఇది నింపి మీ నాయనకు ఇయ్యి పాపా. కష్టమా కాదా అని అడుగవద్దు. దీనిలో ఏది చాలదో చెప్పమని అడుగు" అని నేను చెప్పితిని.

ఉగాది వెళ్ళిన పది దినములకు ఆ బాలిక నాతో ఫోనులో మాటలాడినది. తండ్రి ఆ కాగితమును రెండు దినములు తన యొద్ద నుంచుకొని, మూడవనాడు రెండు ప్రశ్నలు మాత్రమే యడిగెనట: రాత్రి పెచ్చెఱువులో ఎక్కడ పండుకొందురు, ఎవరికైన జ్వరము వచ్చిన ఏమి చేయుదురు. ఉపాధ్యాయురాలు స్వయముగా వచ్చి ఆ రెంటికిని సమాధానము చెప్పినది. పినతండ్రులకు కోపము తీరలేదు; ఒకరు ఇప్పటికిని ఆ మాట యెత్తినచో లేచిపోవుదురట. తండ్రి మాత్రము వెంకటాపురము వఱకు తానే వచ్చి దిగవిడిచి, అచ్చట అడవిలోనికి పోవుచున్న కన్నడ స్త్రీల వరుసను, వారిలో తన తల్లి వయసువారిని, చంకబిడ్డలతో నున్నవారిని, చాలసేపు నిలిచి చూచెనట. ఏమియు ననక తిరిగి పోయెనట.

దారి యెట్లున్నదని నేనును అడిగితిని. భీమునికొలను దిగుడు అవ్వ చెప్పినంతయు నిజమట. నీటికి లోటు రాలేదట. దాతలు చలివేంద్రములు పెట్టిరట. అన్నిటికంటె కష్టమైనది క్రొత్త బూట్లట. రెండవనాటికి మడమలు పొక్కి, వానిని సంచికి కట్టివేసి, పాతచెప్పులతో నడచెనట. "ఆ సంగతి మీ కాగితంలో ఎవరూ వ్రాయలేదు సార్" అని నవ్వినది. ఇప్పు డామె ఆ కాగితమునకు నకళ్ళు తీసి, పాదరక్షల వరుస నొకటి చేర్చి, కళాశాలలోని తరువాతి తరగతి బాలికలకు పంచినదట.

చదువరులారా, మన యిండ్లలో ఏ బాలికయైన, ఏ వృద్ధురాలైన, ఏ విధవరాలైన ఒక దారిని గూర్చి యడిగినపుడు, అది కొండదారి కానిండు, చదువు దారి కానిండు, ఉద్యోగపు దారి కానిండు, మొదట మన నోటికి వచ్చు మాట "కష్టము" అనునది. ఆ మాట యబద్ధము కాదు. సులభమైన దారులు లోకమున కొద్ది. కాని ఆ మాటతో ఆగిపోక, ఎంత దూరము, ఎంత యెత్తు, నీరెచ్చట, దిగుడెచ్చట, తోడెవ్వరు అను వానిని తెలిసినంతవఱకు చెప్పుడు. తెలియనిచో నడచి వచ్చిన వారి నడుగుడు. వారిలో ఆడువారిని తప్పక యడుగుడు. ఆపైన పోవలెనో మానవలెనో వారిని తేల్చుకొననిండు. పోయి వచ్చినవారు చెప్పు క్రొత్త సంగతిని, అది పాదరక్షల సంగతియైనను సరే, విని వ్రాసి యుంచుడు. మీ వెనుక నడచువారికి అది పనికివచ్చును.